మేస్త్రి కవరులో 38 ఆధార్ కార్డులు

ప్రశ్న: మాది వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో ఉన్న జిన్నింగ్ మిల్లు. నాన్నగారి ఆరోగ్యం బాగుండకపోవడంతో రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మా దగ్గర దూది కొనే తమిళనాడు నూలు మిల్లు ఈ మధ్య ఒక ఫారం పంపింది. వాళ్ల నూలుతో తయారైన బట్టలు కొనే ఇంగ్లండ్ కంపెనీ అడిగిందట. మా సంస్థలో గాని, మాకు సరుకు ఇచ్చేవారి దగ్గర గాని ‘ఆధునిక బానిసత్వం’ లేదని ధ్రువీకరించాలట. మా గుమాస్తా "అన్నిటికీ లేదు అని రాసి సంతకం పెట్టండమ్మా, అందరూ అదే చేస్తారు" అంటున్నారు. నాకు చెయ్యి రాలేదు. ఒడిశాలోని బలంగీర్ జిల్లా నుంచి వచ్చిన 38 మంది మా దగ్గర పని చేస్తారు, అందులో 14 మంది ఆడవాళ్లు. మేస్త్రి వాళ్లకు ఊళ్లోనే మనిషికి 40,000 రూపాయల అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. మేము బేలుకు ఇంత అని మేస్త్రికే ఇస్తాం. అతను వాళ్లకు వారానికి 500 ఖర్చులకిచ్చి, మిగతా లెక్క సీజన్ చివర చూస్తాడు. అందరి ఆధార్ కార్డులూ ఒక కవరులో అతని దగ్గరే ఉన్నాయి. డిసెంబర్‌లో ఒకతని తల్లి చనిపోతే ఊరికి పంపాడు గాని, భార్యను ఇక్కడే ఉంచి పొమ్మన్నాడు. ఇది బానిసత్వమేనా? గట్టిగా అడిగితే జట్టును తీసుకొని వేరే మిల్లుకు పోతానంటాడు. కొత్త షెడ్డుకు పెద్దపల్లి వైపు బట్టీల నుంచి ఇటుక తెప్పిస్తున్నాం, దాని గురించి కూడా ఫారంలో రాయాలా?
— ఒక పాఠకురాలు, వరంగల్ జిల్లా

సమాధానం:

అమ్మా,

ఆ ఫారం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. గడువు దగ్గర పడితే, పరిశీలన జరుగుతోంది, నెల రోజులు సమయం కావాలని నూలు మిల్లుకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి. నిజం తెలిసీ ‘లేదు’ అని రాస్తే అది అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది. రేపు తనిఖీకి ఎవరైనా వస్తే ఆ కాగితమే మీకు వ్యతిరేకంగా నిలబడుతుంది.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నా సమాధానం అవును అనే. కార్మిక శాఖలో చాలా ఏళ్లు పని చేసినవాడిగా, మీ ఉత్తరంలోని వివరాలనే ఆధారం చేసుకొని ఈ మాట అంటున్నాను. 1976 నాటి వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం గొలుసుల గురించి గాని, కొరడా గురించి గాని మాట్లాడదు. అడ్వాన్సు తీసుకున్న కారణంగా ఒక మనిషి కనీస వేతనం కంటే తక్కువకు పని చేయవలసి వచ్చినా, మరొకచోట పనికి పోయే స్వేచ్ఛను కొంతకాలం పాటైనా కోల్పోయినా, దేశంలో తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్లే హక్కును కోల్పోయినా, తన శ్రమను బజారు ధరకు అమ్ముకోలేకపోయినా అది వెట్టే అని ఆ చట్టం చెబుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. తల్లి శవాన్ని చూడడానికి వెళ్లే కొడుకు భార్యను హామీగా వదిలి పోవలసి వచ్చిందని మీరే రాశారు. మిగతావన్నీ పక్కన పెట్టినా, ఆ ఒక్క సంగతి నాకు సరిపోతుంది.

కనీస వేతనం సంగతి కూడా లెక్క కట్టి చూద్దాం. వారానికి 500 చొప్పున 26 వారాల సీజన్‌కు 13,000 రూపాయలు, అడ్వాన్సు 40,000 కలిపితే 53,000. వారానికి ఆరు రోజుల పని అనుకుంటే మొత్తం 156 రోజులు, అంటే రోజుకు 340 రూపాయలకు కాస్త తక్కువ. సీజన్ చివర మేస్త్రి ఇంకేమైనా ఇస్తాడా, లేక ఇంకా బాకీ ఉందని చెప్పి వచ్చే ఏటికి రాయించుకుంటాడా అన్నది అతని ఖాతా పుస్తకానికే తెలియాలి. మన రాష్ట్రంలో కనీస వేతనాలకు కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ మారుతుంది. జిన్నింగ్, ప్రెస్సింగ్ పనికి వర్తించే తాజా ఉత్తర్వును కార్మిక శాఖ కార్యాలయంలో తీసుకోండి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కట్టివ్వాలన్న నియమాన్ని కూడా కలిపి, ఈ 340ని దాని పక్కన పెట్టి చూడండి. తర్వాత ఈ సీజన్‌లో మీరు మేస్త్రికి ఇచ్చిన మొత్తాన్ని, ఆ 38 మందికి అందినదాన్ని పక్కపక్కన రాసుకోండి. రెండింటి మధ్య ఉన్న తేడా మీ డబ్బే. అది ఎవరి చేతికి పోయిందో తెలుసుకోవలసిన బాధ్యత కూడా మీదే.

ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే ఒక మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని ఆ తీర్పు. ఆకలి చేత పని చేసేవాడు ఒప్పుకొనే చేశాడు కదా అన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో హర్యానా రాతి క్వారీల కార్మికుల కేసులో, ఎక్కడ బలవంతపు పని కనిపించినా దాని వెనక ఏదో అడ్వాన్సు ఉందనే భావించాలని అదే కోర్టు అంది. అలాంటి బాకీ వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన భారం కూడా అప్పు ఇచ్చినవాడిదేనని 1976 చట్టం చెబుతుంది. కూలీలు కాగితాలు చూపించనవసరం లేదు.

‘ఆధునిక బానిసత్వం’ అనే మాట మనకు కొత్తగా, ఎక్కడో సముద్రం అవతలి వ్యవహారంగా వినిపిస్తుంది గాని, ఈ వస్తువుకు తెలంగాణలో పాత పేరుంది. తీసుకున్న బాకీ కింద దొర ఇంట్లో ఏళ్ల తరబడి జీతం చేసేవాడిని మన తాతలు బగేలా అనేవారు. ఆ ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధన కూడా తెచ్చింది. అది కాగితం మీదే మిగిలింది కాబట్టే, పదేళ్ల తర్వాత నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెలు వెట్టికి వ్యతిరేకంగా లేచి నిలబడవలసి వచ్చింది. కాగితం విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండడానికి ఆ చరిత్ర ఒక కారణం.

రెండో కారణం మన గల్ఫ్ వలస. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఏజెంటుకు అప్పు చేసి కట్టి దుబాయ్‌కో సౌదీకో పోయిన మనిషి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. అక్కడ కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నాడని, తండ్రి చనిపోయినా పంపలేదని, జీతం ఆరు నెలలుగా ఆపాడని ఫోన్ వస్తే మనం ఎంత తల్లడిల్లుతాం, ఎన్ని కార్యాలయాలకు తిరుగుతాం! మీ మేస్త్రి దగ్గరున్న కవరును ఆ ఇంటివాళ్లకు చూపిస్తే, అదేమిటో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం ఉండదు. బలవంతపు పనిని గుర్తించడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే 11 లక్షణాలలో గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం, వేతనం ఆపడం, బాకీతో కట్టిపడేయడం, కదలికలను అడ్డుకోవడం అనే నాలుగూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఇక మీ మేస్త్రి గురించి. అతన్ని దుర్మార్గుడిగా నిలబెట్టి మీరు చేతులు దులుపుకుంటే ఈ వ్యవహారం తేలదు. సాధారణంగా జరిగేది ఇది. పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండుగ నాటికి పేద ఇళ్లలో డబ్బు ఉండదు. ఆ సమయంలో పెద్ద ఏజెంటు దగ్గర మిత్తికి తెచ్చిన డబ్బుతో మేస్త్రి అడ్వాన్సులు పంచుతాడు. మిల్లు నుంచి అతనికి బిల్లు ఎప్పుడో వస్తుంది, ఈలోగా మిత్తి పెరుగుతుంది, కూలీ మధ్యలో పోతే అతని అప్పు అతని మెడకే చుట్టుకుంటుంది. అందుకే కార్డులు లాక్కుంటాడు, భార్యను ఆపుతాడు. అతను చేస్తున్నది నేరమే, అందులో సందేహం లేదు. అయితే అతని చేత అది చేయించే ఏర్పాటులో మీ మిల్లుకు భాగం ఉంది. కూలీలను వెతికే ఖర్చు, తీసుకొచ్చే ఖర్చు, సీజన్ మొదట్లో వాళ్లను పోషించే ఖర్చు మీరు పెట్టకుండా అతని మీదికి నెట్టారు. అతను దాన్ని వాళ్ల మీదికి నెట్టాడు. మీ నాన్నగారి కాలం నుంచి ఇలాగే నడుస్తోందని మీరు అనవచ్చు. ఈ ప్రాంతంలో చాలా మిల్లుల పరిస్థితి ఇదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చట్టం మాత్రం నేరానికి తోడ్పడినవారినీ, కంపెనీని నడిపే బాధ్యతలో ఉన్నవారినీ కూడా ముద్దాయిలుగా చూస్తుంది. వెట్టి చేయించినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

ముందుగా రేపే చేయవలసినవి చెబుతాను. కార్డులు ఎవరివి వాళ్ల చేతికి మీ ఎదుటే ఇప్పించండి. రాత్రి గేటుకు తాళం వేసే అలవాటు ఉంటే మానిపించండి. పత్తి దొంగతనం అవుతుందన్న భయం ఉంటే కాపలా మనిషిని పెట్టుకోవచ్చు. దూది నిల్వ ఉన్న చోట మనుషులను లోపల పెట్టి తాళం వేయడం నిప్పు ప్రమాదం దృష్ట్యా కూడా ఘోరం. ఒడియా మాట్లాడే మనిషిని, మేస్త్రికి బంధువు కాని వాడిని, వీలైతే ఒక స్త్రీని కూడా పిలిపించి, మేస్త్రి లేని సమయంలో ఆ 38 మందితో మాట్లాడించండి. ఎప్పుడు వచ్చారు, ఎంత తీసుకున్నారు, ఎంత అందింది, ఎన్ని గంటలు పని చేశారు, పోవాలనుకుంటే పోగలరా అన్నవి రాయించండి. వాళ్లు మొదటి రోజు ఏమీ చెప్పరు, అంతా బాగుందంటారు. ఆ మాట విని ఊపిరి పీల్చుకోకండి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి ఏజెంటు మనుషులు వెళ్తారన్న భయం వాళ్ల నోరు కట్టేస్తుంది. ఈ నెల వేతనాన్ని కనీస వేతనం లెక్కన, మీ చేతుల మీదుగా, భార్యకు వేరుగా భర్తకు వేరుగా వాళ్ల ఖాతాల్లోనే వేయండి. భార్య కూలిని భర్త పేరున కలిపి ఇవ్వడం మన దగ్గర ఎంత సహజమైపోయిందంటే, అందులో తప్పుందని కూడా ఎవరికీ తోచదు. గుత్తేదారు వేతనం ఎగ్గొడితే దాన్ని చెల్లించవలసిన బాధ్యత యజమానిదేనని చట్టం ఎలాగూ చెబుతుంది, కాబట్టి మీరు కొత్తగా నెత్తికెత్తుకునే భారం ఇందులో ఏమీ లేదు.

తర్వాతి అడుగు కష్టమైనది. ఒక న్యాయవాదిని సంప్రదించి, ఈ వివరాలతో మీరే ఆర్డీవో దగ్గరికి వెళ్లండి. కలెక్టర్ ఆధ్వర్యంలో జిల్లా స్థాయిలోనూ, డివిజన్ స్థాయిలోనూ వెట్టి నిర్మూలన విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టం నిర్దేశించింది. విచారణలో వెట్టి అని తేలితే ప్రతి కూలీకీ విముక్తి పత్రం ఇస్తారు. ఆ పత్రం ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. చట్ట ప్రకారం వెట్టి బాకీ రద్దయినట్టే, దాన్ని తిరిగి వసూలు చేసుకోవడమే మరో నేరం. కానీ ఊళ్లో ఏజెంటు ఎదురుగా నిలబడినప్పుడు, ఆ బాకీ రద్దయిందని చూపించడానికి కూలీ దగ్గర ఉండే ఏకైక కాగితం అది. దాని ఆధారంగానే 30,000 రూపాయల వరకు తక్షణ సాయం, ఆ తర్వాత కేంద్ర పథకం కింద పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన సందర్భాలలో మూడు లక్షల వరకు పునరావాస సాయం అందుతుంది. పూర్తి మొత్తం కేసు తేలడంతో ముడిపడి ఉండడం వల్ల చాలామందికి అది ఏళ్ల తరబడి అందదు. అది ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. అయినా పత్రం లేనివాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మీ మీద కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను. తనంతట తాను ముందుకు వచ్చి, లెక్కలు చూపించి, బకాయి వేతనాలు చెల్లించిన యజమానికీ, తనిఖీలో దొరికిన యజమానికీ అధికారి చూపులో తేడా ఉంటుందని మాత్రం అనుభవంతో చెప్పగలను. మీకు ఇంకో సలహా కూడా చెవిన పడుతుంది. రాత్రికి రాత్రి అందరినీ కాజీపేటలో రైలెక్కించి, ఫారంలో ‘ఎవరూ లేరు’ అని రాసేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఇటుక బట్టీకి తనిఖీకి వెళ్లేసరికి గుడిసెలు ఖాళీగా ఉన్నాయి. పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. మరుసటి ఏడు మరో మండలంలోని బట్టీలో ఒక ఆమె నన్ను గుర్తుపట్టి, ఆ రాత్రి పారిపోయి వచ్చిన కుటుంబం తమదేనని, పాత బాకీకి కొత్త బాకీ కలిసిందని చెప్పింది. మేము వెళ్లి వాళ్లకు మేలు చేశామనుకున్నాం. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

ఇటుక గురించి రాయాలా అని అడిగారు. రాయాలి. పెద్దపల్లి, సుల్తానాబాద్ పరిసరాల బట్టీల్లో బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల కుటుంబాలు అక్టోబర్, నవంబర్ నెలల్లో వచ్చి వానలు పడేదాకా ఉంటాయి. అక్కడ అడ్వాన్సు కుటుంబం మొత్తానికి ఇస్తారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క కాబట్టి పిల్లలు మట్టి ముద్దలు అందించకపోతే ఆ లెక్క చేరదు. షెడ్డుకు ఇటుక కొనే ముందు మీరు స్వయంగా ఒక రోజు బట్టీకి వెళ్లండి. లారీ దగ్గర నిలబడి ధర మాట్లాడి వస్తే ఏమీ కనిపించదు. గుడిసెల వైపు నడవండి, బడి ఈడు పిల్లలు పగటిపూట ఎక్కడ ఉన్నారో చూడండి, వారం ఖర్చుల పుస్తకం అడగండి. పిల్లల చేత పని చేయిస్తుంటే పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కు చెప్పవలసిందే. అలా చెప్పి మరో బట్టీకి మారితే బాధ్యత తీరిపోదని కూడా గుర్తుంచుకోండి. వర్షాలకు ముందే సరుకు దించాలని ఒత్తిడి పెట్టి, వెయ్యికి వంద తగ్గించమని బేరమాడేది మనమే. మరో నలుగురు మిల్లు యజమానులతో కలిసి, కూలీల ఖాతాల్లో వారం వారం వేతనం వేసే బట్టీ దగ్గరే కొంటామని, దానికి తగిన ధర ఇస్తామని చెప్పగలిగితే, ఆ మాటకు విలువ ఉంటుంది.

పత్తి సంగతి ఇంతకన్నా చిక్కైనది. ఎనుమాముల మార్కెట్‌లో రాశి పోసిన పత్తి ఏ చేనుదో, ఎవరు ఏరారో చెప్పడం అసాధ్యం. ఫారంలో అదే మాట రాయండి. మీరు నేరుగా కొనే రైతులు కొందరైనా ఉంటారు కదా, వాళ్ల చేలతో మొదలుపెట్టండి. కిలోకు ఇంత అని పత్తి ఏరే ఆడవాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజు అందుతోందా, బడి మానిన పిల్లలు సాళ్లలో ఉన్నారా, బాకీ కింద ఏడాది జీతానికి ఉన్న జీతగాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగితే చాలా తెలుస్తుంది.

ఈ ఫారం వెనక ఉన్న ఇంగ్లండ్ చట్టం గురించి భయపడనవసరం లేదు. 2015లో వచ్చిన ఆ చట్టం, ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు లేదా అంతకు మించిన వ్యాపారం ఉన్న కంపెనీలు తమ సరఫరా గొలుసులో బానిసత్వం లేకుండా ఏ చర్యలు తీసుకున్నాయో ప్రతి ఏటా ప్రకటించాలంటుంది. అది మీ మిల్లుకు నేరుగా వర్తించదు. వాళ్లు తమ ప్రకటన కోసం కింది వాళ్లను అడుగుతున్నారు, అంతే. కాబట్టి ‘లేదు, లేదు, లేదు’ అని నింపిన ఫారం వాళ్లకూ పనికిరాదు. "మా మిల్లులో గుత్తేదారు ద్వారా వచ్చిన 38 మంది వలస కార్మికుల విషయంలో బాకీ, గుర్తింపు పత్రాల స్వాధీనం, వేతనాల నిలుపుదల ఉన్నట్టు ఫలానా తేదీన గుర్తించాం, పత్రాలు తిరిగి ఇప్పించాం, వేతనాలు నేరుగా చెల్లిస్తున్నాం, అధికారులకు తెలియజేశాం, ఇటుక, పత్తి కొనుగోళ్లలో పరిశీలన మొదలుపెట్టాం" అని, నిజంగా చేసినంతవరకే రాయండి. దాంతో పాటు నూలు మిల్లును ఒకటి అడగండి. చిన్న సంస్థలకు 45 రోజులలోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. మీరు నమోదైన సంస్థ అయితే ఆ గడువును పాటించమని అదే ఉత్తరంలో రాయండి. వాళ్ల డబ్బు మీకు నాలుగు నెలలకు వస్తే మీ డబ్బు మేస్త్రికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యానికి మిత్తి కట్టేది బలంగీర్ కూలీ. నిజం రాసినందుకు వాళ్లు కొనడం మానేస్తారేమో అన్న భయం ఉండవచ్చు. బాధ్యతగల కొనుగోలుదారుడు తప్పు సరిదిద్దుతున్నవాడితో తెగదెంపులు చేసుకోకుండా సాయపడాలన్నదే 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల సారం. ఆ మాట వాళ్లకు గుర్తు చేయడానికి వెనకాడకండి.

మేస్త్రి జట్టును తీసుకుపోతానంటున్నాడు కదా. జట్టు అతని సొత్తు కాదని వాళ్లకు తెలిసిన రోజున ఆ బెదిరింపు చెల్లదు. కార్డులు చేతిలో ఉండి, వేతనం ఖాతాలో పడుతూ, పాత బాకీ చెల్లదని తెలిసిన తర్వాత ఉండాలా పోవాలా అన్నది 38 మందీ ఎవరికి వారు నిర్ణయించుకుంటారు. కొందరు పోతారు, దానికి సిద్ధపడండి. వాళ్లకు ఆ రోజు వరకు రావలసింది లెక్క కట్టి ఇచ్చి, టికెట్టు కొనివ్వండి. రెండు వారాలు మిల్లు సగం సామర్థ్యంతో నడవవచ్చు.

వచ్చే సీజన్‌కు నువాఖాయి కంటే ముందే మీ మనిషిని బలంగీర్ పంపండి. పని ఏమిటి, రోజుకు ఎంత, ఎన్ని గంటలు, ఎక్కడ పడుకోవాలి అన్నవి ఒడియాలో రాసిన కాగితం ఊళ్లోనే చేతికివ్వాలి. దారి ఖర్చు మిల్లుదే. ప్రయాణం కోసం ఇచ్చిన అడ్వాన్సును వేతనంలోంచి కోయకూడదన్నది పాత వేతన చెల్లింపుల చట్టంలోనూ ఉంది, 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతిలోనూ ఉంది. ఇంట్లో అవసరానికి ఎవరైనా చేబదులు అడిగితే మిల్లు పేరున, మిత్తి లేకుండా, చిన్న మొత్తంగా ఇవ్వండి. ఆ మనిషి మధ్యలో పోతే ఆ డబ్బు పోయిందని ముందే అనుకొని ఇవ్వండి.

వీటన్నిటికంటే ముందు, తల్లిని పోగొట్టుకొని వచ్చిన ఆ మనిషి, అతని భార్య ఇంకా మీ మిల్లులోనే ఉంటే, ఈ ఉత్తరం చదివిన రోజే వాళ్లిద్దరినీ పిలిపించండి. డిసెంబర్‌లో ఇద్దరూ కలిసి వెళ్లలేకపోయారు. సంవత్సరికానికో మరో కార్యానికో ఊరికి వెళ్లవలసి ఉందేమో అడిగి, ఇద్దరికీ కలిపి టికెట్టు తీయించండి.